ఎమ్మెల్యే గారు ఊళ్లో లేరంటే ఎక్కడున్నట్టు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి ఎంచుకున్న ఉత్తరాలన్నీ శాసనసభ్యుల పని గురించినవే. గుంటూరు జిల్లాలో మండల పరిషత్ ఆఫీసు ఉద్యోగిగా ఉంటూ, డెప్యుటేషన్ మీద ఇద్దరు ఎమ్మెల్యేల దగ్గర పీఏగా చేశాను. ఇద్దరివీ వేర్వేరు పార్టీలు. రాజధానిలో ఏం జరుగుతుందో, ఊళ్లో వాళ్ల వాకిట్లో ఏం జరుగుతుందో రెండూ దగ్గర నుంచి చూశాను కాబట్టి సంపాదకులు ఈ జవాబులు నన్ను రాయమన్నారు.

ప్రశ్న: ఇళ్ల పట్టా పని మీద మా ఎమ్మెల్యే గారింటికి ఎప్పుడు వెళ్లినా ‘అసెంబ్లీకి వెళ్లారు’ అంటున్నారు. అసెంబ్లీ ఏడాదిలో కొన్ని రోజులే కదా నడిచేది? మిగతా రోజులు ఆయన ఎక్కడుంటారు?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, మీ అనుమానం న్యాయమైనదే. సభ జరిగే రోజులు నిజంగానే తక్కువ. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదని మాత్రమే రాజ్యాంగం 174వ అధికరణం చెబుతుంది. బడ్జెట్ సమావేశాలు కాస్త పొడుగ్గా సాగుతాయి. మిగిలినవి చూస్తుండగానే ముగిసిపోతాయి.

అయితే పీఏ నోట ‘అసెంబ్లీ’ అంటే చాలాసార్లు సచివాలయం అని అర్థం. రెండూ వెలగపూడిలోనే ఉన్నాయి. మీ ఊరి కాలేజీకి అదనపు గదులు కావాలనుకోండి. జిల్లా అధికారి ప్రతిపాదన పంపిస్తారు. అది కమిషనర్ ఆఫీసుకు, అక్కణ్నుంచి శాఖ కార్యదర్శికి, ఆపైన ఆర్థిక శాఖకు వెళ్లాలి. ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఎవరి టేబుల్ మీద ఆగిందో కనుక్కుని కదిలించడం ఎమ్మెల్యే పనిలో పెద్ద భాగం. కమిషనర్ల ఆఫీసులు విజయవాడ, తాడేపల్లి, మంగళగిరి, గుంటూరుల్లో తలోచోట ఉన్నాయి. ఒక్క ఫైలు కోసం రోజంతా తిరగాల్సి వచ్చిన సందర్భాలు నాకు తెలుసు.

హైదరాబాద్ రాజధానిగా ఉన్నప్పుడు ఇది ఇంకా కష్టంగా ఉండేది. మనవైపు ఎమ్మెల్యేలు గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లి, ఆదర్శనగర్‌లోనో హైదర్‌గూడలోనో క్వార్టర్స్‌లో ఉండేవాళ్లు. వెంట ఊరి జనం కూడా వెళ్లి అక్కడే పడుకునేవాళ్లు. 2017 మార్చిలో శాసనసభ వెలగపూడికి వచ్చాక గుంటూరు, కృష్ణా జిల్లాల వాళ్లకు ఆ బాధ తప్పింది. పొద్దున సభకు వెళ్లి రాత్రికి ఇంటికి చేరుకోవచ్చు. కాబట్టి ‘రాజధానిలో ఉన్నారు’ అన్న మాట తెనాలి ఎమ్మెల్యే గురించి రోజుల తరబడి చెబితే ఒప్పుకోనక్కర్లేదు. శ్రీకాకుళం ఎమ్మెల్యే సంగతి వేరు.

ఇక జిల్లాలో మీటింగులుంటాయి. జిల్లా పరిషత్‌లో, మండల పరిషత్‌లో, మున్సిపల్ కౌన్సిల్‌లో ఎమ్మెల్యే పదవి రీత్యా సభ్యుడు. జిల్లా సమీక్ష సమావేశం వేరే ఉంటుంది. మీది డెల్టా కాబట్టి సాగునీటి సలహా మండలి మీటింగ్ కూడా ముఖ్యం. ప్రకాశం బ్యారేజీ నుంచి పశ్చిమ డెల్టా కాలువకు నీళ్లు ఏ తేదీన వదలాలి, శివారు భూములకు ఎలా అందించాలి అన్నవి తేలేది అక్కడే. ఆ మీటింగ్ మానేసి పెళ్లికి వెళ్లిన ఎమ్మెల్యేను నేను మెచ్చుకోలేను. కానీ పెళ్లికి రాలేదని నెలల తరబడి అలిగిన వాళ్లను చూశాను. నీళ్ల మీటింగ్‌కు ఎందుకు వెళ్లలేదని అడిగిన వాళ్లు మాత్రం బహు తక్కువ. ఇది మార్చుకోవాల్సింది మనమే.

మీ పట్టా విషయానికొస్తే, ముందు సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వండి. ఇప్పుడు దాన్ని పీజీఆర్‌ఎస్ అంటున్నారు. రసీదు మీద నంబరు ఉంటుంది. ఆ నంబరుతో ఎమ్మెల్యే గారి దగ్గరకు వెళ్లండి. నంబరు లేకుండా ఆయన ఫోన్ చేస్తే తహసీల్దార్ ‘చూస్తాను సార్’ అంటారు, అంతటితో అయిపోతుంది. నంబరు చెబితే ఫైలు తీసి చూడక తప్పదు.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరదలో మా ఇల్లు మునిగింది. మా ఎమ్మెల్యే అసెంబ్లీలో మాట్లాడితే ఏమైనా ఉపయోగం ఉంటుందా? అక్కడ అంతా అరుపులే కదా అని మా నాన్న అంటారు.
– డిగ్రీ విద్యార్థి, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: బాబూ, మీ నాన్నగారి బాధ నాకు అర్థమవుతుంది. ఆ రోజుల్లో సింగ్‌నగర్‌లో జనం మేడల మీద, పాల ప్యాకెట్ కోసం పడవల వైపు చూస్తూ గడిపారు. అంత చూసిన మనిషికి సభ మీద నమ్మకం కుదరడం కష్టమే. కానీ బుడమేరు సమస్యకు సభ తప్ప దారి లేదని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో వివరంగా చెబుతాను.

గండ్లు పడింది మీ నియోజకవర్గంలో కాదు. వెలగలేరు దగ్గర నుంచి బుడమేరు నీటిని కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలువ ఉంది. ఆ కాలువ గట్టు తెగింది. వెలగలేరు జి.కొండూరు మండలంలో ఉంది, అంటే మైలవరం నియోజకవర్గం. నీళ్లు వచ్చి ముంచింది విజయవాడ నగరాన్ని. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద ఉంది. ఇక కిందికి వెళ్తే బుడమేరు కలవాల్సింది కొల్లేరులో. ఇప్పుడు చెప్పు, ఏ ఒక్క ఎమ్మెల్యే తన నియోజకవర్గంలో కూర్చుని దీన్ని బాగుచేయగలడు? తన పరిధిలో డ్రైనేజీ పూడిక తీయించగలడు, అంతే. కాలువ వెడల్పు, గట్టు ఎత్తు, ఆక్రమణలు, వాటికి డబ్బు, ఇవన్నీ జలవనరుల శాఖ మంత్రి సమాధానం చెప్పాల్సినవి. ఆయన్ని అందరి ముందూ నిలబెట్టి అడగడానికి ఉన్న చోటు ఒక్క శాసనసభే.

అడగడంలో పద్ధతి ఉంది. సభ్యుడు ప్రశ్నను ముందుగా రాసి అసెంబ్లీ కార్యాలయానికి పంపుతారు. స్పీకర్ అనుమతించాక అది శాఖకు వెళ్తుంది. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేనిదానికి లిఖితపూర్వకంగా ఇస్తారు. టీవీలో మనం చూసేది చివరి రెండు నిమిషాలే. నాకు ముఖ్యమనిపించేది అంతకు ముందు జరిగేది. ప్రశ్న శాఖకు చేరగానే సచివాలయం నుంచి చీఫ్ ఇంజనీర్‌కు, అక్కణ్నుంచి సూపరింటెండింగ్ ఇంజనీర్ (ఎస్‌ఈ)కి, ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ (ఈఈ)కి కబురు వెళ్తుంది: పని ఎంతవరకు వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎప్పటికి పూర్తి చేస్తారు, వెంటనే రాసి పంపండి అని. ఎన్నో నెలలుగా ‘పరిశీలనలో ఉంది’ అన్న పని మీద ఆ ఒక్క కాగితంతో డివిజన్ ఆఫీసు రాత్రి పొద్దుపోయేదాకా పనిచేయడం నేను చూశాను. మంత్రి గారు సభలో తప్పు చెప్పకూడదు కాబట్టి కింది వాళ్లు లెక్క సరిగ్గా ఇవ్వాల్సిందే.

మంత్రి ‘చేయిస్తాం’ అని సభలో అంటే అది ఊరి మీటింగ్‌లో ఇచ్చిన మాటలాంటిది కాదు. హామీల కమిటీ అని సభకు ఒకటుంది. ఇచ్చిన మాట ఏమైందని శాఖను అడుగుతుంది. కాబట్టి నువ్వూ నీ స్నేహితులూ వెళ్లి మీ ఎమ్మెల్యేను ఒక మాట అడగండి: ‘ఈ సమావేశాలకు బుడమేరు మీద ప్రశ్న ఇచ్చారా? ఇస్తే కాపీ చూపిస్తారా?’ ఆయన అధికార పక్షమైనా పర్వాలేదు. బిల్లు మీద ఓటింగ్ వచ్చినప్పుడు ఇలా ఓటేయాలన్న పార్టీ ఆదేశాన్ని (విప్‌ను) కాదంటే 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం కింద సభ్యత్వానికే ముప్పు. ప్రశ్నోత్తరాల్లో ఓటింగే లేదు. తన ప్రాంతం కోసం అడగడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

ప్రశ్న: మిర్చి ధర పడిపోతే ఎమ్మెల్యేని అడగాలా, ఎంపీని అడగాలా? ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెబుతారు.
– మిర్చి రైతు, ప్రత్తిపాడు

జవాబు: ఇద్దరినీ అడగాలి, కానీ వేర్వేరు విషయాలు. గుంటూరు యార్డులో తూకం, కమీషన్, కోల్డ్ స్టోరేజీ, టిక్కీలు (మిర్చి బస్తాలు) దించుకునే చోటు, ఇవి రాష్ట్ర మార్కెటింగ్ శాఖవి. ఎమ్మెల్యేని పట్టుకోండి. మిర్చికి వరిలాగా కేంద్రం ప్రకటించే మద్దతు ధర లేదు. ధర కూలితే మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం ఒప్పుకోవాలి. 2025 ఫిబ్రవరిలో క్వింటాలుకు 11,781 రూపాయల ధర ఖరారైంది ఆ పథకం కిందే, ఢిల్లీలో. అది ఎంపీ కదలాల్సిన చోటు. అయితే రాష్ట్రం ముందుగా ప్రతిపాదన పంపకపోతే కేంద్రం దగ్గర చూడ్డానికి కాగితమే ఉండదు. అందుకని మీ అర్జీ ఒకటే రాసి ఇద్దరికీ ఇవ్వండి, ఒకరి కాపీ మీద రెండోవాళ్ల పేరు కూడా రాయండి. తప్పించుకోవడం కష్టమవుతుంది. ఇంకో మాట, సంతలోకి సరుకు రాకముందే వెళ్లండి. ధర పడ్డాక కదిలిన కాగితం చాలాసార్లు రైతు అమ్ముకున్నాకే చేరుతుంది.

ప్రశ్న: తిరుమల దర్శనానికి ఎమ్మెల్యే లెటర్ అడగడం తప్పా?
– పేరు రాయలేదు, గుంటూరు

జవాబు: తప్పు కాదు. కానీ హక్కూ కాదు. సిఫార్సు లేఖలకు పరిమితి ఉంటుంది, అడిగేవాళ్లు దానికి ఎన్నో రెట్లు. పొద్దున్నే వచ్చే జనంలో ఈ లెటర్ కోసం వచ్చినవాళ్లే ఎక్కువ ఉంటే, డయాలసిస్ కాగితాలు పట్టుకుని వెనక నిలబడిన మనిషి వంతు వచ్చేసరికి ఎమ్మెల్యే కారెక్కేస్తారు. ఆన్‌లైన్‌లో టికెట్ దొరికే అవకాశం ఉన్నవాళ్లు దయచేసి ఆ దారిన వెళ్లండి.

ప్రశ్న: అరవై రోజులు సభకు రాకపోతే ఎమ్మెల్యే పదవి పోతుందంటారు. నిజమేనా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, మంగళగిరి

జవాబు: మాస్టారూ, 190వ అధికరణంలో ఆ మాట ఉంది. కాకపోతే దానంతటది పోదు. సభ అనుమతి లేకుండా అరవై రోజుల పాటు అన్ని సమావేశాలకూ రాకపోతే ఆ స్థానం ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చు. సభ ప్రొరోగ్ అయిన (సమావేశాలు ముగిసినట్టు గవర్నర్ ప్రకటించిన) రోజుల్నీ, వరుసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడిన రోజుల్నీ అందులో కలపరు. మన దగ్గర సభ నడిచే తీరుకు అరవై నిండడమే చాలా కాలం పడుతుంది.

ఏ పార్టీ అయినా నా అభిప్రాయం ఒకటే. నిరసన తెలపొచ్చు, వాకౌట్ చేయొచ్చు. మర్నాడు తన ఊరి ప్రశ్న వచ్చేసరికి సీట్లో ఉండాలి. సభ చేసిన చట్టం ఇంటింటికీ వస్తుంది. భూమి హక్కుల నమోదుకు తెచ్చిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం మీద ఊరూరా ఎంత ఆందోళన జరిగిందో మీరు చూశారు. ముందు సభ చేసిన ఆ చట్టాన్ని తర్వాతి సభ 2024 జులైలో రద్దు చేసింది. చేసిన రోజునా, తీసేసిన రోజునా మన మనిషి అక్కడ ఉన్నాడా, ఏం మాట్లాడాడు అన్నది రైతుకు తెలియాలి కదా?

ప్రశ్న: మా అమ్మకు ఆపరేషన్ చేయించాం, అప్పు మిగిలింది. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే ద్వారా పెట్టుకోవాలంటే ఏం తీసుకెళ్లాలి? అక్కడికి వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది.
– ఒక ప్రైవేటు ఉద్యోగిని, విజయవాడ

జవాబు: టెన్షన్ పడకమ్మా. ముందుగా ఆ ఆపరేషన్ ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఉందేమో ఆసుపత్రిలోని హెల్ప్ డెస్క్‌లో కనుక్కోవాల్సింది. మీది అయిపోయింది కాబట్టి ఖర్చు తిరిగి ఇప్పించే దారి చూడాలి. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ కావాలి. బిల్లుల మీద ఆసుపత్రి ముద్ర, సంతకం ఉన్నాయా చూసుకోండి. అన్ని పేర్లూ ఒకేలా ఉండాలి. ఆధార్‌లో ఇంటి పేరు ఒకలా, బిల్లులో ఒకలా ఉండి వెనక్కి వచ్చిన ఫైళ్లు చాలా చూశాను. అన్నిటికీ జిరాక్స్ తీసి ఒక సెట్ ఇంట్లో పెట్టుకున్నాకే ఒరిజినల్స్ ఇవ్వండి. ఆపరేషన్ ఇంకా కానివాళ్లయితే ఆసుపత్రి ఇచ్చే ఖర్చు అంచనా కాగితంతో ఎల్‌వోసీకి పెట్టుకోవచ్చు. అది ముందే డబ్బుకు హామీ ఇస్తుంది.

వెళ్లేటప్పుడు సభ నడుస్తున్న రోజులు కాకుండా చూసుకోండి, పొద్దున్నే వెళ్లండి. ఎమ్మెల్యేనే కలవాలని పట్టుబట్టొద్దు. ఈ కాగితాలు చూసేది ఆఫీసులో కూర్చున్న పీఏ. ఆయన రిజిస్టర్‌లో మీ పేరు, తేదీ రాశారో లేదో చూసి, మీ దరఖాస్తు నంబరు రాయించుకుని రండి. ఎవరైనా పని చేయిస్తానని డబ్బు అడిగితే ఇవ్వొద్దు. ఈ దరఖాస్తుకు ఎక్కడా ఫీజు లేదు.