ప్రైమరీ స్కూల్ పిల్లలకు వారంలో రెండు ఆటల పీరియడ్లు సరిపోతాయా?

సరిపోవు, 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు బాగా కదిలే ఆటపాటలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన. గుండె, ఊపిరితిత్తుల సత్తా పెరగాలంటే ఆయాసం వచ్చేలా తిరగాలి. ఎముకలు గట్టిపడాలంటే వాటిమీద కుదుపు పడాలి. అందుకే పరుగు, గెంతు ఉన్న ఆటలు వారంలో కనీసం 3 రోజులు ఉండాలంటారు.

గంటసేపూ ఒకేసారి ఆడక్కర్లేదు. అమలాపురం పక్క పల్లెలో మూడో తరగతి పిల్ల కాలవగట్టు మీద బడికి 15 నిమిషాలు చకచకా నడిచి, అలాగే తిరిగొచ్చి, సాయంత్రం అరుగు ముందు ముగ్గుపిండితో గళ్లు గీసి అరగంట తొక్కుడుబిళ్ల ఆడితే లెక్క సరి. ఒంటికాలి గెంతు ఎముకలకు భలే పని. వానలకు వాకిలి బురదైతే వరండాలో తాడాట ఉంది.

చాలామంది పొరపాటు పడేది, ‘మావాడు సన్నగానే ఉన్నాడుగా, వాడికెందుకు?’ అని. ఈ గంట బరువు తగ్గడానికి కాదు. బక్కపిల్లాడికీ అంతే అవసరం. క్రికెట్ కోచింగ్‌లో చేర్పిస్తేనే వ్యాయామం అనుకోవడమూ అలాంటిదే. అక్కడ బ్యాటింగ్ వంతు కోసం నిలబడే టైమే ఎక్కువ.