డీఫాల్ట్ డ్రెస్‌లో ఉంటే బాటేనేటి?

ఈసారి వొచ్చిన ఉత్తరాల్లో సగం పైగా గేముల గోలే, అదీ ఆట గురించి కాదు, బట్టల గురించి. సరే, అయ్యే పట్టుకుందాం.

ప్రశ్న: అన్నయ్యా, నేను రాజాంలో ఇంటర్ సెకండియర్. బీజీఎంఐ అని ఫోన్లో ఆడే తుపాకుల గేమ్‌లో క్రౌన్ అనే పై రేంకులో ఉన్నాను, ఒక్క రూపాయి కూడా పెట్టలేదు. రేండమ్‌గా ఏదైనా టీమ్‌లో చేరితే చాలు, నా డ్రెస్ చూసి ‘బాట్ వొచ్చాడ్రోయ్’ అని నవ్వుతారు, ఒకోసారి మేచ్ స్టార్ట్ అవకముందే తీసేస్తారు. ఒక మంచి సూట్ కొనెయ్యరా, ఎవడూ నోరెత్తడు అని మా ఫ్రెండ్స్ అంటన్నారు. కొనాలా?

జవాబు: తమ్ముడూ, వాళ్ళ నవ్వుకి ఒక కారణం ఉంది, ముందు అది చెప్తాను. బీజీఎంఐలో కింది రేంకుల్లో కొత్తోడికి ఎదురయ్యేవాళ్ళలో చాలామంది మనుషులే కారు, కంప్యూటర్ ఆడించే బాట్లు, వాటి ఒంటిమీద మామూలు చొక్కా పేంటే ఉంటాది. అందరం అక్కడే మొదలెట్టాం కాబట్టి సాదా బట్టలు కనబడితే ఈజీ కిల్ అని కంటికి అలవాటైపోయింది, ఆ అలవాటు క్రౌన్‌కి వొచ్చినా పోదు. కానీ నిన్ను క్రౌన్‌లో పెట్టింది నీ పాయింట్లు, బట్టలు కాదు కదా. నిన్ను తీసేసినోడు కూడా ఇంచుమించు ఆ రేంకులోనే ఉండుంటాడు, ఆ సంగతి వాడికి తట్టదు.

ఇది మన గుంటలు కనిపెట్టిన జబ్బు కూడా కాదు. టీమ్ ఫోర్ట్రెస్ 2 అని పీసీ గేమ్ ఒకటుంది, అందులో 2009 మేలో టోపీలు పెట్టారు, అదే ఏడు అక్టోబర్‌లో హాలోవీన్ పేరు చెప్పి ఘాస్ట్‌లీ గిబస్ అనే నలిగిన టోపీ ఒకటి వొదిలారు. ఆ టోపీ పెట్టుకున్నోడిని తిరిగి దెబ్బ తినకుండా వరసగా చంపి డామినేట్ చేస్తే అది నీకూ వొచ్చేస్తాది, మరింకేటుంది, బేగి అందరికీ పాకిపోయింది. 2011 జూన్‌లో గేమ్ మొత్తం ఫ్రీ చేసేశాక కొత్తగా వొచ్చినోళ్ళ నెత్తిమీద ఎక్కడ చూసినా అదే, దాంతో గిబస్ అంటే ఆట రానోడు అని ముద్ర పడిపోయింది. తర్వాత కొంతమంది ముదుర్లు కావాలనే అది పెట్టుకుని తిరిగేవోరు, ఎదుటోడు తేలిగ్గా తీసుకుని మీదకొస్తే ఏసేద్దామని! 2017 సెప్టెంబర్‌లో ఫోర్ట్‌నైట్ బేటిల్ రాయల్ వొచ్చాకైతే ‘డీఫాల్ట్’ (గేమ్ ఊరికే ఇచ్చే బట్టల్లో ఉన్నోడు) అన్న మాటే అక్కడి స్కూలు పిల్లలకి తిట్టయి కూర్చుంది.

నన్నడిగితే ఎవడిదైనా డ్రెస్ చూసినప్పుడు వీడెంత బాగా ఆడతాడు అని కాదు, ఇది వీడి దగ్గరికి ఎలాగొచ్చింది అని అడగాలి. ఎక్స్-సూట్ అనే ఖరీదైన డ్రెస్ వేసుకున్నోడు యూసీ, అంటే గేమ్‌లో చెల్లే డబ్బు, కొని క్రేట్లు (అదృష్టం పెట్టెలు) తిప్పాడు, అంటే వాళ్ళ నాన్న ఫోన్‌పే గురించి నీకు తెలిసింది, ఆడి గురి గురించి కాదు. రాయల్ పాస్, అంటే డబ్బు కట్టి ఆడేకొద్దీ బహుమతులొచ్చే పాస్, చివరిదాకా తెచ్చినోడికి డబ్బూ ఉంది, రోజూ కూర్చునే తీరికా ఉంది. కాంకరర్ అనే అన్నిటికన్నా పై రేంకు ఫ్రేమ్ ఫొటో చుట్టూ ఉంటే మాత్రం కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే అది షాపులో దొరకదు, రేంకుల బోర్డులో మొదటి 500 మందిలో ఉండాలి. (అదీ వేరేవోడి చేత ఆడించుకునేవాళ్ళున్నారు, వొగ్గేయ్.)

ఇంకోటి, పాత డ్రెస్ అంటే పాత ప్లేయర్ అన్నది కూడా మన దగ్గర పూర్తిగా నప్పదు. 2020 సెప్టెంబర్‌లో పబ్జీ మొబైల్ బేన్ అయింది, 2021 జూలైలో బీజీఎంఐగా తిరిగొచ్చింది, పాత ఖాతాలో సరుకు తెచ్చుకోడానికి టైమిచ్చారు గానీ పాస్‌వర్డ్ మర్చిపోయినోడు, ఫోన్ మారిపోయినోడు, అప్పుడు పరీక్షల్లో ఉన్నోడు ఎంతమందో సున్నా నుంచి మొదలెట్టారు. వాళ్ళ చెయ్యి పాతదే, చొక్కాయే కొత్తది.

మన నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో పిల్లలు బరువులెత్తుతారు కదా, అక్కడ ఎవడూ నీ బూట్లు చూసి మాటాడడు, రాడ్‌కి ఎన్ని ప్లేట్లు తగిలించావో ఎదురుగా కనిపిస్తాది. గేమ్ లాబీలో, అంటే మేచ్ ముందు ఆగే చోట, ఆ ప్లేట్లు కనపడవు, అదే గొడవంతా. బొమ్మ ఒకటి నిలబడి అటూ ఇటూ ఊగుతా ఉంటాది, కౌంట్‌డౌన్ నడుస్తా ఉంటాది, ఆ కాసేపట్లో చూడ్డానికి డ్రెస్ తప్ప ఏమీ లేదు. ప్రొఫైల్ నొక్కితే నీ కేడీ (ఎన్నిసార్లు చంపావు, ఎన్నిసార్లు చచ్చావు అన్న లెక్క), బీజీఎంఐలో ఎఫ్‌డీ అని రాస్తాడనుకో, సీజన్ వారీగా మొత్తం ఉంటాది, కానీ నొక్కే ఓపిక ఎవడికుంది?

కాబట్టి కొనాలా అంటే, ఆ సూట్ నీకు బావుంటే, నీ డబ్బుల్తో కొనుక్కో, తప్పేటి. తీసెయ్యకుండా ఉండ్డానికి మాత్రం కొనకు, సూట్ వేసుకుని రెండు మేచుల్లో ముందే పడిపోతే అప్పుడు ‘డబ్బున్న నూబ్’ (ఆట రానోడు) అంటారు, అది ఇంకా మంట. రాజాంలోనే నీలాంటోళ్ళు ముగ్గురు దొరక్కపోరు, వాళ్ళతో స్క్వాడ్ పెట్టుకో.

ప్రశ్న: ఆమదాలవలస నుంచి రాస్తున్నాను. మా బాబు తొమ్మిదో తరగతి. ఫ్రీ ఫైర్ మేక్స్‌లో తుపాకీకి స్కిన్ కొంటే దెబ్బ గట్టిగా తగుల్తాదంట, 800 ఇమ్మని రెండ్రోజులుగా అన్నం దగ్గర కూడా అదే పాట. రంగు మారిస్తే దెబ్బ పెరుగుతాదేటండి? నన్ను మాయ చేస్తున్నాడా?

జవాబు: అమ్మా, మాయ చెయ్యట్లేదు, సగం నిజమే చెప్పాడు. ఫ్రీ ఫైర్‌లో గన్ స్కిన్లకి కింద చిన్న అక్షరాల్లో డేమేజ్, రేట్ ఆఫ్ ఫైర్, రీలోడ్ ఇలాంటివి రాసుంటాయి, పక్కన ప్లస్సులూ మైనస్సులూ ఉంటాయి. ఒకటి పెరిగితే చాలాసార్లు ఇంకోటి తగ్గుతాది, బాబు ప్లస్ మాత్రమే చూపించుంటాడు, మైనస్ కూడా చూపించమనండి. బీజీఎంఐలోనూ, పీసీలో ఆడే వేలరెంట్‌లోనూ అలాగ కాదు, అక్కడ స్కిన్ వల్ల రంగు, సౌండ్ మారతాయంతే, దెబ్బ ఒకటే. అయినా ఫలానా స్కిన్ పెడితే తలకే తగుల్తోంది అని ఒట్టేసి చెప్పేవాళ్ళున్నారు, మనసుకి ధైర్యమొచ్చి చెయ్యి కుదురుగా ఉంటాదేమో గానీ తూటా మాత్రం అదే.

మీరు అడగాల్సిన అసలు ప్రశ్న వేరే ఉంది, ఆ 800కి స్కిన్ నేరుగా వొస్తాదా, లేక స్పిన్ తిప్పితే అదృష్టముంటే వొస్తాదా అని. స్పిన్ అయితే 800 దగ్గర ఆగదు, ఇంకొక్కటి అమ్మా, ఇంకొక్కటి అంటాడు. ఈలోపు మీ ఫోన్లో ప్లే స్టోర్ సెటింగ్స్‌కెళ్ళి ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ లేదా వేలిముద్ర అడిగేలా పెట్టండి. మీకు తెలీకుండా ఏదైనా కొనేసుంటే 48 గంటల్లోపు గూగుల్ ప్లేలో రిఫండ్‌కి అడగొచ్చు, ఇస్తారన్న గేరంటీ లేదు గానీ బేగి అడిగితే మంచిది. క్లాసులో తోటి గుంటలు వెక్కిరిస్తన్నారేమో అది కూడా ఒకసారి మెల్లగా కనుక్కోండి, ఆ వయసులో చాలాసార్లు దెబ్బ తగిలేది అక్కడ.

ప్రశ్న: శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్నా. నాకు పింక్ కుందేలు చెవుల డ్రెస్ ఇష్టం, అదే వేసుకుంటా. దాంతో టీమ్‌లో అందరూ ‘నువ్వు వెనకుండు’ అంటారు, మెడ్‌కిట్లు ఇస్తారు, నేను నలుగుర్ని లేపేస్తే మాత్రం ‘ఫోన్ మీ అన్నయ్యకిచ్చావా’ అంటారు.

జవాబు: చెల్లీ, ఆ మెడ్‌కిట్లు మాత్రం తీసేసుకో, పనికొస్తాయి. మిగతాదానికొస్తే, అమ్మాయి బొమ్మ పెట్టుకుని ఆడే అబ్బాయిలు బోల్డంతమంది, కాబట్టి పింక్ చెవులు చూసి వాళ్ళు కడుతున్న లెక్క మొదట్లోనే తప్పు. మైక్‌లో హద్దు దాటితే మ్యూట్, ఇంకా దాటితే రిపోర్ట్, వాదించి టైమ్ వేస్ట్ చేసుకోకు. డ్రెస్ మాత్రం మార్చకు.

ప్రశ్న: అన్నా, పలాసలో జీడిపప్పు ఫేక్టరీలో పని. రాత్రి డ్యూటీ దిగాక రెండు మేచులు ఆడతాను. ఎదురుగా గ్లేసియర్ ఎమ్4 అనే ఖరీదైన స్కిన్ తుపాకీ, మెరిసే సూట్ కనబడితే చాలు చేతులు వొణికి పారిపోతాను, ఆడొచ్చి వెనకనుంచి ఏసేస్తాడు. ఏం చెయ్యాలి?

జవాబు: అన్నా, నువ్వు పారిపోతున్నావు కాబట్టే వాడికి నీ వీపు దొరుకుతోంది. అదొక్కటీ మానెయ్, గోడ చాటుకో చెట్టు చాటుకో చేరి నిలబడి చూడు. మెరిసే సూట్ వల్ల నీకే లాభం, గడ్డిలో కూడా వాడు దూరంనుంచి కనిపిస్తాడు, నీ మాసిన చొక్కా వాడికి కనపడదు. కనపడకపోడం ఎంత విలువైందంటే, కాల్ ఆఫ్ డ్యూటీ వార్‌జోన్‌లో రోజ్ అనే కేరెక్టర్‌కి నిలువెల్లా నల్లటి స్కిన్ ఒకటుండేది, చీకటి మూలల్లో నిలబడితే ఎవరికీ ఆనేది కాదు, జనం గోల పెడితే 2021లో దాని రంగు కొంచెం లేతగా చెయ్యాల్సొచ్చింది. ఆ స్కిన్ ఉన్నోడిని చూసి భయపడితే అర్థముంది. బీజీఎంఐలో అలాంటిదేదైనా ఉందంటే ఆకాశం నుంచి పడే ఎయిర్‌డ్రాప్ పెట్టెలో దొరికే, ఒంటినిండా గడ్డిలా ఉండే గిల్లీ సూట్, అది నీకూ ఫ్రీగానే దొరుకుతాది.

వాడు నిజంగా ఆడగలడా లేదా తెలుసుకోవాలంటే డ్రెస్ వొదిలేసి నడక చూడు. ఖాళీ మైదానంలో తిన్నగా పరిగెడుతున్నాడా, కాల్చాక అదే చోట నిలబడి రీలోడ్ చేస్తున్నాడా? అయితే సూట్ ఎంతదైనా నీ చేతికి చిక్కినట్టే. ఒకసారి కనబడి, దాక్కుని, ఇంకోపక్కనుంచి తల బయటపెట్టాడంటే వాడికి పని తెలుసు, గ్రెనేడ్ తియ్.

ప్రశ్న: చీపురుపల్లి నుంచి. టెలిగ్రామ్‌లో ఒకతను హిప్ హాప్ బండిల్ (పాత డ్రెస్ సెట్) ఉన్న పాత ఫ్రీ ఫైర్ ఐడీ 3500కి ఇస్తానంటున్నాడు. ఆ బండిల్ ఉంటే అందరూ ఓల్డ్ ప్లేయర్ అని రెస్పెక్ట్ ఇస్తారు. తీసుకోవచ్చా?

జవాబు: వొద్దు. ఆ ఐడీ మొదట ఏ ఫేస్‌బుక్‌కో గూగుల్‌కో కట్టి ఉంటాదో అది వాడి చేతిలోనే ఉంటాది, రేపు వాడే రికవర్ చేసుకుని ఇంకోడికి అమ్ముతాడు. ఐడీలు కొనడం అమ్మడం గేమ్ రూల్స్‌కి కూడా విరుద్ధం, పోయాక కంపెనీకి చెప్పుకోడానికి నోరుండదు. పైగా హిప్ హాప్ రెండో సీజన్ ఎలైట్ పాస్‌ది (మొదట్లో అమ్మిన బహుమతుల పాస్), అది వేసుకుని దిగితే పాత పులి అనుకుని ఎదుటోళ్ళు నలుగురూ ముందు నీ మీదకే వస్తారు, అప్పుడు ఆడాల్సింది నువ్వే. 3500 ఇచ్చేశావో లేదో రాయలేదు. ఇచ్చేసి, అటునుంచి బ్లాక్ అయిపోయుంటే ఇవాళే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చెయ్, చాట్ స్క్రీన్‌షాట్లూ యూపీఐ నంబరూ డిలీట్ చెయ్యకుండా ఉంచు.