కారు పెయింట్ మీద సన్నటి గీతలు ఇంట్లోనే పోగొట్టుకోవచ్చా?

డోరు హ్యాండిల్ వెనుక గోటి గీతలు, ఎండ పడితే బానెట్ మీద సాలెగూడులా తేలే సన్నటి గీతలు, బంపర్ మూల తెల్లటి చార ఉన్నాయన్నారు. టూత్‌పేస్టుతో రుద్దితే అన్నీ పోతాయని మీ బావగారు చెప్పిన మాట నిజమేనా అని అడిగారు. నా కారుకూ, అడిగిన బంధువుల కార్లకూ ఈ పని నేనే చేస్తుంటాను కాబట్టి చెబుతున్నాను. ముందు బంపర్ సంగతి చూడండి. అది అసలు గీత కాకపోవచ్చు.

గోడకో స్తంభానికో కారు రాసుకుంటే మన పెయింట్ ఊడిందని కంగారు పడతాం. చాలాసార్లు జరిగేది వేరు. ఆ గోడ రంగే వచ్చి మన కారుకు అంటుకుంటుంది. మా అన్నయ్య ముదురు నీలం కారు వెనుక బంపర్ మీద జానెడు పొడవున తెల్లటి పట్టీ పడితే, వర్క్‌షాపులో బంపర్ మొత్తానికి రంగు వేయాలన్నారు. వేలితో తడిమి చూశాను. పట్టీ చుట్టూ ఉన్న పెయింట్ కంటే ఎత్తుగా తగిలింది. గీత అయితే పల్లంగా తగలాలి కదా! మెత్తటి గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో (ఇట్టే ఆరిపోయే ఒక రకం స్పిరిట్) తడిపి, దాని మీద కాసేపు అద్ది ఉంచి తుడిస్తే గుడ్డ తెల్లబడింది, బంపర్ నీలం బయటపడింది. చివరికి కనీకనబడని గీతలు రెండు మిగిలాయంతే. మీరూ ముందు ఇదే చేయండి. థిన్నర్, అసిటోన్ లాంటివి మాత్రం వాడకండి, అవి మరకతోపాటు పెయింట్‌నూ తినేస్తాయి.

ఇక నిజమైన గీతలు. ఈ రోజుల్లో దాదాపు అన్ని కార్లకూ అడుగున ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికంటే పైన రంగులేని క్లియర్ కోటు ఉంటాయి. ఈ క్లియర్ కోటు మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే పలుచన. మీరు చెప్పే సన్నటి గీతలన్నీ ఇందులోనే ఉంటాయి. గీత అంచుల దగ్గర వెలుగు చెదిరిపోవడం వల్ల అది తెల్లగా కనిపిస్తుంది. నలుపు, ముదురు నీలం కార్ల మీద మరీ కొట్టొచ్చినట్టు కనిపించేది అందుకే.

పాలిష్ చేస్తే గీత పూడుతుందని చాలామంది అనుకుంటారు. పూడదు. గీత అడుగు ఎంత లోతున ఉందో, చుట్టూ ఉన్న క్లియర్ కోటును ఆ మట్టానికి అరగదీస్తాం. అరిగింది మళ్లీ రాదు. ఎండ నుంచి కింది రంగును కాపాడేదీ ఆ పొరే. కాబట్టి ప్రతి గీతనూ పూర్తిగా మాయం చేయాలనే పట్టుదల మంచిది కాదు. సగం తగ్గించి, అంచులు నునుపైతే చాలు, నాలుగడుగుల దూరం నుంచి అది కంటికి ఆనదు. నేను అక్కడితో ఆపేస్తాను.

చేతితో పోయే గీతో కాదో తెలియాలంటే కారు కడిగి, గీత మీద నీళ్లు చల్లండి. తడిగా ఉన్నంతసేపు మాయమైతే అది పైపొరలోనే ఉంది. తడిసినా కనిపిస్తుంటే గోటిని అడ్డంగా మెల్లగా లాగి చూడండి. గోరు తట్టుకుందంటే పాలిష్‌తో పూర్తిగా పోదు. లోపల తెల్లగానో బూడిద రంగులోనో కనిపిస్తే ప్రైమర్ దాకా దిగిందన్నమాట, దానికి టచప్ పెయింటే మార్గం. రంగు కోడ్ చాలా కార్లలో డోరు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది.

టూత్‌పేస్టు గురించి మీ బావగారు చెప్పింది ఒట్టి అబద్ధమేమీ కాదు. అందులోనూ అరగదీసే పొడి ఉంటుంది, గోటి గీతల్ని కొంత తగ్గిస్తుంది. కానీ ఆ పొడి పంటి గట్టితనాన్ని లెక్కలో పెట్టుకుని తయారుచేసింది, పెయింట్‌ను కాదు. గీత తగ్గిన చోట మసక మిగలవచ్చు, ఆ మసక పోగొట్టడానికి ఎలాగూ పాలిష్ కొనాలి. ఆ కొనేదేదో ముందే కొనండి.

కొనేటప్పుడు గరుకైన రబ్బింగ్ కాంపౌండ్ జోలికి వెళ్లకుండా నున్నటి ఫినిషింగ్ పాలిష్ తీసుకోండి. దానితో పని కాకపోతే అప్పుడు ఒక మెట్టు గరుకైనది. కారు నీడలో ఉండాలి, రేకు చేతికి చల్లగా తగలాలి. వేడి రేకు మీద పాలిష్ వేసిన వెంటనే ఎండిపోతుంది. కడిగిన కారు మీదే మొదలుపెట్టండి, ఒక్క ఇసుక రేణువు మిగిలినా కొత్త గీతలు మీరే వేస్తారు. డోరు అంచుల దగ్గర, బానెట్ మడతల మీద క్లియర్ కోటు ఇంకా పలుచగా ఉంటుంది, అక్కడ మాస్కింగ్ టేపు అంటించండి.

హ్యాండిల్ వెనుక గుంత చేతికి సరిగా అందదు. గుడ్డను వేలికి చుట్టి రుద్దాలనిపిస్తుంది. అలా చేస్తే ఒత్తిడంతా వేలి కొన మీదే పడి, పొడవాటి మసక చారలు ఏర్పడతాయి. అక్కడ ఫోమ్ ప్యాడ్‌ను చిన్న ముక్కగా కోసి వాడతాను. ముక్క మీద పెసరగింజంత పాలిష్ మూడు చుక్కలు, ముందు నిలువుగా, తరువాత అడ్డంగా, ఒత్తిడి మధ్యస్థంగా. పాలిష్ పలుచబడి జిడ్డు పొరలా మారాక శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, ఫోన్ టార్చ్‌ను ఏటవాలుగా పట్టి చూడండి. అవసరమైతే ఇంకో దఫా. ప్యాడ్‌కు కారు రంగు అంటిందంటే వెంటనే ఆపేయండి. మీది క్లియర్ కోటు లేని పాతకాలపు పెయింట్ కావచ్చు, లేదా క్లియర్ కోటు అక్కడ అయిపోయి ఉండవచ్చు.

బానెట్ మొత్తం చేత్తో చేయాలంటే మాత్రం భుజాలు పడిపోతాయి, పని సమంగానూ రాదు. డ్యుయల్ యాక్షన్ పాలిషర్, అంటే ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ కదిలే మెషీన్ దొరికితే వాడండి. ప్యాడ్ ఒకే కేంద్రం చుట్టూ గిర్రున తిరిగే రోటరీ మెషీన్ కొత్తవారి చేతికి వద్దు, ఒకేచోట క్షణం ఎక్కువ నిలిచినా పెయింట్ కాలుతుంది.

మరో సంగతి. కొన్ని పాలిష్‌లలో నూనెలు, ఫిల్లర్లు ఉంటాయి. అవి గీతల్ని తాత్కాలికంగా కప్పుతాయి, కొన్ని వాష్‌లయ్యాక గీతలు మళ్లీ హాజరు. ‘పాలిష్ చేయించాను, మళ్లీ వచ్చేశాయి’ అని విసుక్కునేవారి కథ తరచూ ఇదే. పని ముగిశాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సగానికి సగం నీళ్లు కలిపి ఒకసారి తుడిస్తే అసలు రూపం తెలుస్తుంది. అది తృప్తిగా ఉంటేనే పైన వ్యాక్స్ వేయండి.

బానెట్ మీది గీతలు ఎక్కడి నుంచి వచ్చాయో మీరు రాయలేదు. పొద్దున్నే పొడి గుడ్డతో దుమ్ము తుడిచే అలవాటుంటే కారణం అదే. దుమ్ములో ఇసుక ఉంటుంది, దాన్ని పెయింట్ మీద ఈడుస్తున్నామన్నమాట. ముందు నీళ్లతో దుమ్ము జారనిచ్చి, షాంపూకు ఒక బకెట్టు, గుడ్డ జాడించడానికి వేరే బకెట్టు పెట్టుకోండి.

మ్యాట్ ఫినిష్ పెయింట్ అయితే ఇదంతా చేయవద్దు, రుద్దిన చోటల్లా మెరుపు మచ్చలు పడతాయి. పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్ (పెయింట్‌ను కాపాడే పారదర్శకమైన ప్లాస్టిక్ పొర) అంటించిన కారైతే పాలిష్ తెరవకముందు గీత మీద వేడి నీళ్లు పోసి చూడండి. చాలా రకాల ఫిల్ముల్లో పైపొర వేడికి సర్దుకుని, సన్నటి గీతలు వాటంతటవే పోతాయి.