శ్రీహరికోటకు పోతున్న బిడ్డకు

హనుమకొండ

బిడ్డా,

మొన్న ఆదివారం నువ్వు మీ అమ్మకు చూపించిన గుర్తింపు కార్డును మీ తమ్ముడు ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. నీ పేరు, నంబరు, కింద సంతకం, అన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి. నేనే ఫోన్ చేసి తీసేయించాను. వాణ్ని ఏమనకు, అక్క మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే గగనయాన్ పనిలో చేరుతోందన్న సంబరం వాడిది. అయితే ఈ నాలుగు మాటలు నీకు చెప్పి పంపాలని అప్పుడే అనిపించింది.

రాకెట్ల సంగతి నీకు తెలిసినంత నాకు తెలియదు. నేను ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయిలో పనిచేసినవాణ్ని, అందులో ఎక్కువ కాలం బొగ్గులో మందు పెట్టి పేల్చే షాట్‌ఫైరర్‌ని. డిటోనేటర్లు లెక్కపెట్టి తీసుకునేది, మిగిలినవి లెక్కపెట్టి అప్పజెప్పేది. పేలుడు మందు బండి ఎప్పుడొస్తుంది, ఏ దారిన వస్తుంది అన్నది మీ పెద్దమ్మకు కూడా ఎన్నడూ చెప్పలేదు. ఆమె అడగలేదు కూడా.

నిన్ను మాత్రం అందరూ అడుగుతారు. పెళ్లిళ్లలో, రైల్లో, భద్రకాళి గుడి మెట్ల మీద కూడా. మనుషులు అంతరిక్షంలోకి ఎప్పుడు పోతారు, ఎవరెవరు పోతారు అని. అబద్ధం చెప్పకు. "నేను చెప్పకూడదు బాబాయ్" అని నవ్వుతూ ఒక్కసారి చెప్పు. రెండోసారి అడగరు. సగం చెప్పి సగం దాచడమే ప్రమాదం. "వచ్చే నెలాఖరుకు అస్సలు కుదరదు" అంటే నువ్వు తేదీ చెప్పినట్టే. సెలవు దొరకలేదు అను, చాలు.

మన నలుగురు గగనయాన్ పైలట్లు 2020లోనే రష్యాలో శిక్షణకు పోయారు. వాళ్ల పేర్లు దేశానికి తెలిసింది 2024 ఫిబ్రవరి 27న, తిరువనంతపురంలో ప్రధాని ప్రకటించినప్పుడు. వాళ్లలో ఒకరైన ప్రశాంత్ బాలకృష్ణన్ నాయర్‌ను మలయాళ నటి లీనా ఆ జనవరిలోనే పెళ్లి చేసుకుంది. సినిమా మనిషి అయ్యుండి, నలభై రోజులు ఆ మాట బయటపెట్టకుండా ఆ ప్రకటన వచ్చేదాకా ఆగింది. నాకు ఆమె మీద ఎంతో గౌరవం కలిగింది.

అట్లాగని అన్నీ రహస్యమే అనుకోకు. ప్రయోగం తేదీ ఇస్రోనే చెబుతుంది, విమానాలకూ జాలరులకూ ముందే హెచ్చరికలు పోతాయి, జనం కూర్చొని చూడటానికి గ్యాలరీ కూడా కట్టారు. ఏది చెప్పొచ్చు, ఏది చెప్పొద్దు అన్నది మొదటి రోజే మీ పైఆఫీసరును అడిగి తెలుసుకో. తోటివాళ్ల మీద అనుమానం వస్తే కూడా చెప్పాల్సిన అధికారికే చెప్పు, క్యాంటీన్‌లో కాదు. 1994లో గూఢచర్యం కేసులో అరెస్టయిన ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ నిర్దోషి. ఆయనను అనవసరంగా అరెస్టు చేశారని సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది 2018లో. ఆ ఇరవై నాలుగేళ్లు ఆయనకు ఎవరిస్తారు?

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. బయటివాళ్ల దగ్గర నోరు కట్టుకో, కానీ లోపల తప్పు కనబడితే దాచకు.

ఒక రాత్రి షిఫ్టులో నేను పేల్చిన రంధ్రాల్లో ఒకటి పేలలేదు. పైకి చెబితే ప్రొడక్షన్ ఆగుతుందని పెద్దసారు రాయనివ్వలేదు. నేనూ ఊరుకున్నాను. పొద్దుటి షిఫ్టు పిల్లవాడు అక్కడే డ్రిల్ పెట్టాడు. ప్రాణం దక్కింది గానీ కుడికన్ను పోయింది. ఇప్పటికీ అంగట్లో ఎదురైతే "అన్నా, బాగున్నవా" అంటాడు. నేను ఆ ముఖం వైపు చూడలేను.

అంతరిక్షంలోకి పోయిన మొదటి మనిషి, సోవియట్ దేశపు గగారిన్ ఎగరడానికి మూడు వారాల ముందు, 1961 మార్చి 23న, వలెంతిన్ బొందరెంకో అనే 24 ఏళ్ల అక్కడి కుర్రాడు శిక్షణలో మూసిన గదిలాంటి ప్రెషర్ ఛాంబర్‌లో ఉన్నాడు. ఒంటికి అతికించిన సెన్సార్లు తీసి, స్పిరిట్ దూదితో తుడుచుకొని పక్కకు విసిరాడు. అది హాట్‌ప్లేట్ మీద పడింది. ఛాంబర్‌లో ఆక్సిజన్ ఎక్కువ, క్షణంలో అంటుకుంది. ఆ చావు సోవియట్ పత్రికల్లో 1986 దాకా రాలేదు. ఈలోపు 1967 జనవరి 27న అమెరికాలో అంతరిక్ష నౌక అపోలో–1 క్యాబిన్‌లో, అదీ నేల మీద పరీక్ష చేస్తుండగానే, స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో మంట లేచి ముగ్గురు చనిపోయారు. ముందటి కబురు తెలిసుంటే వాళ్లు బతికేవారని నేను అనను. తెలుసుకునే అవకాశమైనా వాళ్లకు లేకుండా పోయింది కదా.

మన దగ్గర 2023 అక్టోబర్ 21న గగనయాన్ పరీక్ష రాకెట్ ఇంకా అయిదు సెకన్లుందనగా ఆగిపోయింది. దేశమంతా టీవీలో చూస్తోంది. ఆగిందని వెంటనే చెప్పారు, లోపం సరిచేశారు, పది గంటలకు ఎగిరింది. అది చూస్తూ నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నువ్వు అట్లాంటివాళ్ల మధ్యకు పోతున్నావు. కౌంట్‌డౌన్ నడుస్తున్నా సరే, ఏదైనా తేడా కనబడితే నువ్వు చిన్నదానివని వెనక్కి తగ్గకు.

పెద్దమ్మ మామిడికాయ తొక్కు కట్టి పెట్టింది, రైల్లో నూనె కారకుండా చూసుకో. ఫోన్ చేసినప్పుడు నేను పని గురించి అడగను, ఏం తిన్నావనే అడుగుతాను. తమ్ముడికి నేను చెప్పుకుంటాను. కార్డు మాత్రం గేటు దాటగానే మెడలోంచి తీసి పర్సులో పెట్టుకో.

నీ పెద్దబాపు