ముందు ఏటికొప్పాక వెళ్లి రండి

నిదానంగా సాగుతూనే ఉత్సాహాన్నిచ్చే కళ, సినిమా, రోజువారీ అలవాటు చెప్పమని అడిగారు. సినిమా సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. సత్యజిత్ రాయ్ తీసిన ‘పథేర్ పాంచాలీ’ (1955) చూడండి. రెల్లుపూల మధ్య ఒక రోజు చిత్రీకరించి, వారం తర్వాత వెళ్తే పూలన్నీ పశువులు మేసేశాయట. మళ్లీ పూసేదాకా ఏడాది ఆగారు. అలాంటి సినిమాను మా అబ్బాయి ఫోనులో ఒకటిన్నర రెట్లు వేగం పెంచి చూసి, ‘బాగుంది నాన్నా’ అన్నాడు. ఆ పూటంతా వాడితో మాట్లాడలేదు.

కళ అంటే నేను చెప్పాలనుకున్నది అసలు ఏటికొప్పాక లక్కబొమ్మల గురించి. ఆ ఊరు వరాహ నది ఒడ్డున ఉంటుంది. 2022లో అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది గానీ, మా విశాఖ వాళ్లకు అవి ఇప్పటికీ మా లక్కబొమ్మలే. నగరంలోని దుకాణాల్లో కొనకండి. చేసేచోట కూర్చోవాలి.

మా గృహప్రవేశానికి నలభై కుంకుమ భరిణెలు చేయించాను. తీసుకోవడానికి వెళ్తే ఇంకా ఆరు మిగిలే ఉన్నాయి. బయట డ్రైవరు ఒకటే హారను. చేసేది లేక వాటిని చేస్తున్న పెద్దాయన పక్కనే పీట మీద కూలబడ్డాను. మర మీద తిరుగుతున్న అంకుడు కర్రకు పసుపు రంగు లక్క కడ్డీ ఆనించాడు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టేసింది. దాని మీద మొగలి ఆకు అదిమేసరికి, అంతవరకూ మసకగా ఉన్న పసుపు తడిసినట్టు మెరిసింది.

ఆ తర్వాత మూత. పెట్టి చూశాడు, తీశాడు, వెంట్రుకవాసి చెక్కాడు, మళ్లీ పెట్టాడు. ఏడోసారికి ఉండబట్టలేక ‘సరిపోయింది కదండీ’ అన్నాను. ‘మూత పట్టుకుని ఎత్తితే భరిణె కూడా లేవాలి బాబూ’ అంటూ ఎత్తి చూపించాడు. లేచింది. అయినా మళ్లీ మరెక్కించి చెక్కుతున్నాడు! ఇంకేమిటని అడిగితే, ‘అమ్మగారు ఒంటిచేత్తో మూత తీసుకోవద్దా?’ అన్నాడు.

ఇక అలవాటు. బీచ్ రోడ్డు నడక మాత్రం నేను చెప్పను. పొద్దున్నే ఒడ్డున ప్రదర్శనకు పెట్టిన కుర్సురా జలాంతర్గామి దగ్గర నిలబడి చూడండి: అంత సముద్రాన్ని పక్కన పెట్టుకుని జనం చేతి గడియారంలో అడుగులు లెక్కపెట్టుకుంటుంటారు. దానికన్నా చేపలరేవుకు వెళ్లడం నయం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ 61 రోజులూ మరపడవలు రేవులోనే ఉంటాయి. కాలి బొటనవేలికి వల తగిలించుకుని చిరుగు అల్లుతున్న మనిషిని అరగంట చూడండి. ఫొటోలు తీయకండి, ముక్కు మూసుకోకండి.

నలభైలో ఒక భరిణె ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్నాను. మా ఆవిడ అందులో పిన్నీసులు వేసుకుంటోంది. మూత ఇప్పటికీ ఒంటిచేత్తోనే వస్తోంది.