తొమ్మిదో ప్రశ్న దగ్గర ఆగు

చిరంజీవి మాధవికి, ఆశీస్సులు.

పీహెచ్‌సీల్లో డిప్రెషన్ మీద ట్రయల్ మొదలుపెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. గుండె నిండిపోయింది. ఆ వెంటనే దడ కూడా పట్టుకుంది.

ఎథిక్స్ కమిటీ అనుమతి, ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో నమోదు మొదటి మనిషిని చేర్చుకోకముందే అయిపోవాలి. అది నీకు తెలిసిందే. లెక్క మాత్రం నీ చేత్తో వేసుకో. జట్ల మధ్య 0.5 స్టాండర్డ్ డీవియేషన్ల తేడా నిజంగా ఉంటే దాన్ని 80 శాతం పవర్‌తో, అంటే నూటికి ఎనభై సార్లు దొరికేలా, పట్టుకోవాలంటే జట్టుకు 64 మంది కావాలి. 20 శాతం మంది మధ్యలో మానేస్తారనుకుంటే 80. మనుషుల్ని కాక పీహెచ్‌సీలనే రాండమైజ్ చేస్తే, అంటే చీటీలు తీసినట్టు జట్లకు పంచితే, ఒక్కోచోట 20 మంది, ఐసీసీ (ఒకే పీహెచ్‌సీ రోగులు ఒకరినొకరు ఎంత పోలి ఉంటారో చెప్పే కొలత) 0.05 అనుకున్నా, ఆ సంఖ్య 1.95 రెట్లవుతుంది. ఇది మరిచి బయల్దేరితే నీ కష్టమంతా వృథా.

కౌన్సెలింగ్‌కు డాక్టర్లే కావాలని పట్టుపట్టకు. 2017లో వెలువడిన గోవా ట్రయల్‌లో, 495 మంది రోగులతో, శిక్షణ పొందిన స్థానికులే ఆరు నుంచి ఎనిమిది విడతల్లో ఆ పని చేసి ఫలితం చూపించారు. స్కోరు అడిగే మనిషి మాత్రం కౌన్సెలింగ్ చేసే మనిషి కాకూడదు.

ఇక నా దడ సంగతి. స్టడీ 329 పేరు విన్నావుగా? డిప్రెషన్ ఉన్న 275 మంది టీనేజీ పిల్లలు, పారోక్సెటిన్, ఇమిప్రమిన్ అనే డిప్రెషన్ మందులు, ప్లసీబో అనే మందులేని ఉత్తుత్తి మాత్ర, ఎనిమిది వారాలు. 2001లో పారోక్సెటిన్ పనిచేస్తుందనీ, పిల్లలు బాగానే తట్టుకున్నారనీ అచ్చయింది. 2015లో మూలపత్రాలు తిరగేసినప్పుడు ముందే ప్రకటించిన కొలమానాల మీద మందుకూ ప్లసీబోకూ తేడా లేదని తేలింది. అంతకన్నా ఘోరం మరొకటుంది. చచ్చిపోవాలనుకున్న పిల్లలనూ, తమను తాము గాయపరచుకున్న పిల్లలనూ 'భావోద్వేగ అస్థిరత' అనే మెత్తని మాట కింద నమోదు చేశారు. పట్టికలో ఆ మాట చదివినవాడికి ప్రాణం ప్రమాదంలో ఉందని ఎలా తెలుస్తుంది?

మన ఊళ్లలో ఆ తప్పు ఇంకా సులువు. "ఈ బతుకెందుకమ్మా" అని ఒకావిడ అంటుంది. ప్రశ్నలడిగే మన జట్టు పిల్ల 'విసుగు' అని రాసుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతుంది. అలా జరగనివ్వకు. రోగి అన్న మాటను అన్నట్టే రాయించు. డిప్రెషన్ కొలిచే తొమ్మిది ప్రశ్నల ఫారం పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించే; దానికి 1 వచ్చినా ఫారం అక్కడే ఆపించు. ఎలా చేయాలని అనుకున్నారో, ఇంట్లో పురుగుమందు ఉందో, ఇదివరకు ప్రయత్నించారో అప్పుడే, నెమ్మదిగా, సూటిగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతారు, అది నిజం కాదు. డ్యూటీ సైకియాట్రిస్టుకు ఫోన్ వెళ్లాలి, జవాబు వచ్చేదాకా ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. పురుగుమందు ఇంటి నుంచి బయటికి పోవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 చీటీ చేతిలో పెట్టాలి, కానీ అదొక్కటే ఇచ్చి పంపేయకూడదు. ట్యాబ్‌లో ఎక్కించిన స్కోరును వారాంతపు మీటింగ్‌లో చూద్దామనుకుంటే ఆ వారంలోనే మనిషి పోవచ్చు.

కోప్పడుతున్నాననుకోకు తల్లీ. వేళకు తిను, నీ జట్టు పిల్లల్ని కూడా అంత బరువు మాటలు విన్న రోజు తొందరగా ఇంటికి పంపు.

ఫోన్ డ్యూటీ ఎవరెవరిదో రాసి నాకు పంపు. ఆదివారాలకూ, సంక్రాంతి మూడు రోజులకూ పేర్లున్నాయో లేదో నేను చూస్తాను.

మీ పెద్దత్తయ్య