తెల్లదనాన్ని మాత్రం అమ్మొద్దు తల్లీ

చిట్టితల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఉద్యోగం మానేసి ముఖానికి రాసుకునే క్రీములు, సీరమ్‌లు సొంతంగా తయారుచేసి అమ్మబోతున్నావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. ఉసిరి, అతిమధురం, మంజిష్ఠ, పసుపు, అన్నీ మన మూలికలేనట. వినగానే ఎంత గర్వంగా అనిపించిందో. మన ఇంట్లో ఆడపిల్ల సొంతంగా వ్యాపారం పెట్టడం ఇదే మొదలు. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. జీడిమెట్లలో మందుల కంపెనీ ల్యాబ్‌లో జుట్టు నెరిసేదాకా పనిచేసినదాన్ని. చర్మానికి రాసేది ఏదైనా సరే, అందులో ఏముందోనన్న భయమే నాకు ముందు కలుగుతుంది. కోప్పడుతున్నట్టు అనిపిస్తే కోప్పడుతున్నాననే అనుకో. చివరిదాకా మాత్రం చదువు.

లైసెన్సు గురించి ఒక్క ముక్క. 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం లైసెన్సు లేకుండా అమ్మకానికి తయారుచేయకూడదు. వెంగళరావునగర్‌లో డ్రగ్స్ కంట్రోల్ ఆఫీసుకి వెళ్ళి కనుక్కో. సొంత యూనిట్ లేకపోతే వేరేవాళ్ళ యూనిట్‌లో చేయించుకోవడానికి లోన్ లైసెన్సు అని ఉంటుంది. వంటింట్లో కలిపి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతానంటే మాత్రం ఊరుకోను.

ఇక సరుకు దగ్గరికి వద్దాం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ని తయారుచేసేది టైరోసినేజ్ అనే ఎంజైము. అది పనిచేయాలంటే రాగి కావాలి. వంకాయ కోసి వదిలేస్తే నల్లబడుతుంది చూడు, అక్కడ పనిచేసేది దీని చుట్టమే. అతిమధురంలోని గ్లాబ్రిడిన్, కోజిక్ ఆసిడ్, ఆర్బుటిన్ లాంటివి ఈ ఎంజైముకే అడ్డు తగులుతాయి. యాంటీఆక్సిడెంట్ల దారి వేరు. ఎండ తగిలినప్పుడు చర్మంలో పుట్టే ఫ్రీ రాడికల్స్, అంటే పక్కవాటిని పాడుచేసే అణువులు, మెలనిన్ తయారీని ఇంకా ఎగదోస్తాయి. ఉసిరి, గ్రీన్ టీ, దానిమ్మ తొక్క లాంటి వాటిలోని పదార్థాలు ఆ ఫ్రీ రాడికల్స్‌ని అణుస్తాయి. రెండూ నెమ్మదిగా జరిగే పనులే. చర్మం పైపొర మారడానికే దాదాపు నెల పడుతుంది, వయసు పెరిగినవాళ్ళకి ఇంకా ఎక్కువ. అంటే మచ్చ తగ్గినట్టు కంటికి కనపడాలంటే రెండు మూడు నెలలు ఆగాలి. అదీ మచ్చ వరకే. పుట్టుకతో వచ్చిన ఛాయను ఏ మూలికా మార్చలేదు. నీ కస్టమర్ అడిగితే ఇదే చెప్పాలి, అడగకపోయినా చెప్పాలి.

అతిమధురం వేళ్ళు నీళ్ళలో మరిగించి ఆ కషాయం క్రీములో కలుపుతానన్నావట. ఆ నీళ్ళలోకి దిగేది తీపి. గ్లాబ్రిడిన్ నీళ్ళలో సరిగా కరగదు, పిప్పిలోనే ఉండిపోతుంది. ఎంత శాతం గ్లాబ్రిడిన్ ఉందో సర్టిఫికెట్‌తో ఇచ్చే ఎక్స్‌ట్రాక్ట్ కొనుక్కో. ఖరీదు చూసి గుండె ఆగుతుంది, అయినా అదే కొను. ఉసిరికి ఇనుము తగలనివ్వకు. మా అమ్మ తలకి పెట్టుకోవడానికి ఉసిరిపొడిని ఇనప మూకుడులో నానబెట్టేది, తెల్లారేసరికి కాటుకలా నల్లగా అయ్యేది. ఉసిరిలోని టానిన్లకు ఇనుము తగిలితే అంతే. బోరు నీళ్ళలో ఇనుము ఉన్నా నీ క్రీము రంగు తిరుగుతుంది. స్టీలు పాత్రలు, డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేవీ వద్దు. బేగంబజార్‌లో పసుపు పొడి అసలు కొనకు, రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపేవాళ్ళు ఉంటారు, అది సీసం. నిజామాబాద్ కొమ్ములు తెచ్చుకుని నీ ముందే పట్టించు.

సున్నిపిండి కూడా చేస్తావట. మా నాయనమ్మ సంక్రాంతికి ముందు పెసలు, కచ్చూరాలు, బావంచాలు, ఎండు గులాబీ రేకులు, వట్టివేళ్ళు అన్నీ ఎండబోసి విసిరేది. ఇల్లంతా ఆ వాసనే. పిల్లలందరినీ నూనెతో నలిచి, పిండి రుద్ది, కుంకుడుకాయతో తలంటేది. మీ అమ్మ కళ్ళలో పడిందని గోల పెట్టేది. ఆ సున్నిపిండి ఒంటికి రుద్ది వెంటనే కడిగేసేదని గుర్తుపెట్టుకో. ఇప్పటివాళ్ళు దాన్నే ప్యాక్‌లా వేసుకుని అరగంట కూర్చుంటున్నారు, తర్వాత ఎండలో బయటికెళ్తున్నారు. బావంచాల్లో సోరాలెన్ ఉంటుంది. చర్మం మీద అది ఉండగా ఎండ తగిలితే కాలిన బొబ్బలు లేస్తాయి, తర్వాత అక్కడ ఇంకా నల్లబడుతుంది. బొల్లి మచ్చల్లో రంగు తిరిగి రావడానికి వాడే మందే అది. రంగు తగ్గిద్దామని చేసే పొడిలో రంగు పెంచేది వేస్తే ఎలా? నిమ్మరసానిదీ అదే గుణం, పైగా అంత పులుపు ముఖానికి పనికిరాదు. బావంచాలు వేయకుండా చెయ్యి. అదే గింజల్లోంచి శుద్ధి చేసి తీసే బకుచియోల్ వేరు. సోరాలెన్ లేదని సర్టిఫికెట్ ఇస్తే అది వాడుకోవచ్చు.

ఇప్పుడు చెప్పేది మీ అమ్మను అడిగే రాస్తున్నాను. "చెప్పక్కా, దానికి తెలియాలి" అంది.

మీ అమ్మకు పెళ్ళి కుదిరిన రోజుల్లో మీ నాన్న వైపు పెద్దావిడ ఒకరు "పిల్ల చక్కగా ఉంది, కాస్త రంగు తక్కువ" అనేసి వెళ్ళారు. ఆవిడ ఆ మాట ఆ సాయంత్రానికే మర్చిపోయి ఉంటారు. మీ అమ్మ మర్చిపోలేదు. అప్పుడు మేం చిక్కడపల్లిలో ఉండేవాళ్ళం. దగ్గర్లోని ఒక పార్లర్‌లో చిన్న తెల్లడబ్బాలో పేరూ ఊరూ లేని క్రీము ఇచ్చి, అన్నీ మూలికలే, కుంకుమపువ్వు కూడా వేశామన్నారట. రెండు వారాలు తిరక్కుండానే దాని ముఖం మెరిసిపోయింది. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా ఏం రాస్తున్నావని అడగడమే. పెళ్ళి ఆల్బమ్‌లో "అమ్మ ఎంత బాగుందో" అంటావు కదా, ఆ మెరుపు ఆ డబ్బాదే.

పెళ్ళయ్యాక డబ్బా అయిపోయింది. కొద్ది రోజులకే ముఖమంతా ఎర్రగా కమిలి, మంట, చీము పొక్కులు. మళ్ళీ డబ్బా తెప్పించి రాస్తే తగ్గేది, మానితే తిరగబెట్టేది. కాబట్టి రాస్తూనే పోయింది. చర్మం పల్చబడి బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు తేలాయి. గడ్డం మీద నూగు వచ్చింది. పొయ్యి సెగ తగిలితే ప్రాణం పోయినంత మంట. కొత్త కోడలు వంటింట్లోకి రానంటే ఏమనుకుంటారోనని పళ్ళ బిగువున ఓర్చుకుంది. ఎవరికీ చెప్పలేదు.

ఆషాఢానికి పుట్టింటికి వచ్చినప్పుడు కొంగు తీసి చూపించింది. నా చెల్లెలి ముఖం నేనే గుర్తుపట్టలేకపోయాను. డబ్బా అడుగున మిగిలిన క్రీము గీకి ల్యాబ్‌కి పట్టుకెళ్ళాను. మెథనాల్‌లో కరిగించి టీఎల్‌సీ ప్లేటు (పదార్థాలను విడదీసి చూపే పలక) మీద ఒక చుక్క పెట్టాను, దాని పక్కనే పోల్చి చూడటానికి మా దగ్గరున్న బీటామెథసోన్ వాలరేట్ అనే స్టెరాయిడ్ స్టాండర్డ్ చుక్క. సాల్వెంట్ పైకి పాకి ప్లేటు ఆరాక యూవీ దీపం కింద పెట్టాను. ఆకుపచ్చగా వెలిగే ప్లేటు మీద రెండు నల్లచుక్కలు, సరిగ్గా ఒకే ఎత్తులో. మూలికల పేరు చెప్పి ఇచ్చింది స్టెరాయిడ్. ఆ ప్లేటు పట్టుకుని నా చేతులు వణికాయి. చర్మం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, మాన్పించి చర్మం కుదుటపడటానికి ఏడాది పైనే పట్టింది. ఇప్పటికీ మధ్యాహ్నం పూట గొడుగు లేకుండా మీ అమ్మ గేటు దాటదు. "ఆవకాయ కలిపేటప్పుడు కూడా మూతికి కొంగు కట్టుకుంటావేంటమ్మా" అని నువ్వు ఏడిపించేదానివి. ఇందుకే.

అందుకే నాకు ఉన్న అతి పెద్ద భయం నీ మూలికలు కాదు. నువ్వు క్రీము బేస్ బయట కొంటానన్నావట, అదీ నా భయం. "మేడమ్, మా బేస్‌లో మీ ఎక్స్‌ట్రాక్ట్ కలుపుకోండి, వారంలో రిజల్ట్ గ్యారంటీ" అనేవాళ్ళు తప్పకుండా తగులుతారు. వారంలో తెల్లబడ్డారంటే అందులో స్టెరాయిడో పాదరసమో ఉందనే అనుకో. 2018లో ప్రభుత్వం స్టెరాయిడ్ క్రీములు చాలావాటిని ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది, ఇప్పటికీ దొంగచాటుగా కలుస్తూనే ఉన్నాయి. పాదరసం ఇంకా ఘోరం. చర్మంలోంచి ఒంట్లోకి దిగి కిడ్నీల మీద పడుతుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్ళకి కిడ్నీ జబ్బులు బయటపడ్డాయి, పేపర్లలో చదివే ఉంటావు. కొన్న ప్రతి లాటూ నీ డబ్బుతో మంచి ల్యాబ్‌లో పాదరసానికి, స్టెరాయిడ్లకి పరీక్ష చేయించు. సప్లయర్ మొహమాటపెడితే ఆ సప్లయర్ నీకు వద్దు.

లేబుల్ మీద "తెల్లగా చేస్తుంది" అని రాయకు తల్లీ. 1975 నుంచి దేశమంతా అమ్ముడుపోయిన క్రీమే 2020లో తన పేరులోంచి "ఫెయిర్" అన్న మాట తీసేసింది. నువ్వు అది రాశావంటే, "రంగు తక్కువ" అన్న ఆ పెద్దావిడ పక్కన నిలబడ్డట్టే. మొటిమల మచ్చలు, మంగు, ఎండకి వచ్చిన నలుపు తగ్గడానికి సాయపడుతుందని రాయి. దాంతోపాటు సన్‌స్క్రీన్ రాసుకోమని పెద్ద అక్షరాల్లో వెయ్యి. మన ఊరి ఏప్రిల్, మే ఎండలో అది లేకుండా నువ్వు అమ్మే ఏ సీరమ్ అయినా దండగ.

మిగతావి త్వరగా చెప్తాను. నీళ్ళు కలిసిన ప్రతిదానికీ ప్రిజర్వేటివ్ ఉండాలి. "ప్రిజర్వేటివ్ లేదు" అని గొప్పగా చెప్పుకునేవాళ్ళ మాట వినకు, కలబంద గుజ్జులో బూజు, బ్యాక్టీరియా పెరిగితే అది జనం ముఖాల మీదికే పోతుంది. విటమిన్ ఇ నూనె చెడకుండా ఆపుతుంది గానీ బ్యాక్టీరియాని చంపదు. ఫినాక్సీఇథనాల్ అయితే 1 శాతం దాటకూడదు. విటమిన్ సి నీళ్ళలో నిలవదు. పసుపు రంగుకి మారి, తర్వాత గోధుమరంగులోకి వచ్చిందంటే పారబోయాలి, అమ్మకూడదు. ముదురు రంగు సీసాలు వాడు, చిన్నవే చెయ్యి. ప్రతి ఫార్ములానీ 40 డిగ్రీల దగ్గర మూడు నెలలు పెట్టి చూడు. డెలివరీ అబ్బాయి బ్యాగులో మే నెలలో అంతకంటే వేడే తగులుతుంది.

ఈ పరీక్షలకి బాగా ఖర్చవుతుందని మీ అమ్మ అంటోంది. నా ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి దసరాకి చేతికొస్తుంది. పాదరసం, స్టెరాయిడ్ టెస్టుల ఖర్చు నాది. వద్దనకు, బాధపడతాను.

ఆదివారం భోజనానికి రా. ఫార్ములా కాగితం, సప్లయర్లు ఇచ్చిన సర్టిఫికెట్లు అన్నీ తీసుకురా. ప్రతి పదార్థం శాతం వేసి మొత్తం 100 రావాలి. ఎక్కడైనా "తగినంత" అని రాసి ఉంటే వెనక్కి పంపిస్తాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ